గుర్రం గడిలో బంటు

నరసాపురంలో రేవుకి వెళ్ళే దారిలో ఒక జిరాక్స్ షాపుంది. మధ్యాహ్నం పూట మా చదరంగం సభ అక్కడే. ఆడేది మేము కాదు. ఎక్కడో గ్రాండ్‌మాస్టర్లు ఆడుతుంటే కంప్యూటర్లో చూస్తూ, తర్వాతి ఎత్తేంటో ముందే చెప్పేసి ఆరిందాల్లా కూర్చోవడం మా పని. ఎవరు గెలుస్తున్నారో చూపించే గీత ఒకటి తెర అంచున ఉంటుంది. అది కనబడితే ఎవడూ బుర్ర వాడడం లేదని షాపాయన దాని మీద అట్టముక్క అంటించాడు. ఆట అయ్యాకే ఊడదీస్తాడు.

మా సభకి పెద్ద మాస్టారు. ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలతో పాటు నాకు చదరంగం నేర్పింది ఆయనే. రిటైరయ్యాక గోదావరి అవతలి ఒడ్డున ఉంటున్నారు. రోజూ రేవు దాటి వస్తారు. మేం క్వీన్ అంటే ఆయన మంత్రి అంటారు. ఆయన నేర్చుకున్నది పాత నాటు ఆట. అందులో బంటు చివరి వరుసకి చేరితే మనం కోరుకున్న పావు అవదు. ఆ గడి మొదట్లో ఏ పావుదో అదే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రమే. ఇప్పటి ఆటలో ఏదైనా కోరుకోవచ్చు కాబట్టి అందరూ క్వీనే కోరుకుంటారు. మాస్టారు అలవాటు కొద్దీ పాత రూలే చెప్పేవారు, మేం నవ్వేవాళ్ళం.

పోయిన నెలలో ఒకరోజు ఆయన గొడుగు తీసుకుంటూ నెమ్మదిగా అన్నారు. "ఇంకోసారి నవ్వారంటే నేనింక రేవు దాటి రానండి." మామూలుగా నన్ను నువ్వు అనే మనిషి. ఆ అండి వినగానే నాకు భయం వేసింది. ఆయన మాటంటే మాటే.

వారం గడిచింది. ఆ రోజు ఒక పెద్ద టోర్నమెంటులో ఆఖరి ఆట. తెల్లపావులు మన దేశం వాడివి. అతని బంటు గుర్రం గడికి ఒక్క అడుగు దూరంలో ఉంది. గడియారంలో పది నిమిషాలే మిగిలాయి. అయినా బంటుని కదపకుండా తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆలోచించడానికి ఏముందండీ, క్వీన్ పెట్టేస్తే సరి," అన్నాడు షాపాయన.

"గుర్రం పెట్టాలి," అన్నారు మాస్టారు.

షాపాయన నవ్వు ఆపుకుని నా వైపు చూశాడు. నేనూ ఊరుకుంటే పోయేది. నా నోటిదూల ఊరుకోనివ్వలేదు.

"మాస్టారూ, ఆ రూలు మీతోనే ఆగిపోయిందండీ," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని జేబులో పెట్టుకున్నారు. గొడుగు తీసుకుని మెట్లు దిగారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు ఆయనే మాతో పలక మీద రాయించారు.

ఐదు నిమిషాల తర్వాత తెరమీద బంటు కదిలింది. దాని చోట గుర్రం వచ్చింది. వస్తూనే నల్లరాజుకి చెక్ చెప్పి, అటు నల్లమంత్రి మీదా గురి పెట్టింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాను.

మాస్టారు పడవ ఎక్కే వరసలో ఉన్నారు.

"గుర్రమే పెట్టాడండీ," అన్నాను రొప్పుతూ. "మీ పాత రూలే గెలిచింది."

ఆయన నన్ను తేరిపార చూశారు. "పాత రూలేంట్రా. మంత్రిని పెడితే అవతలివాడి మంత్రి మొదటి వరుసకి దిగి ఆట కట్టేస్తుంది. గుర్రం పెడితే చెక్, ఆ మంత్రి మనది. అంతా చూసే చెప్పాను. ఎందుకని ఒక్కడైనా అడిగాడా?"

అంతలో వరస కదిలింది. ఆయన పడవెక్కారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. షాపులో ఆయన స్టూలు మీద ఇప్పుడు కాగితాల కట్టలు పెడుతున్నారు. రేవు దాటడం పట్టుమని పావుగంట పని కూడా కాదు. నేనింకా దాటలేదు, మొహం చెల్లక.