మ్యాట్నీలో ఈల వేసింది నేనే

సిద్దిపేట పట్టణ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఈ రోజు మ్యాట్నీలో హీరో రాగానే ఈల వేసింది నేనే.

మధ్యాహ్నం మా గల్లీలో మూసిన షట్టర్లకు ఫోటోలు తీసుకుంటూ ఒక విదేశీ అమ్మాయి కనిపించింది. మన టాకీసుల్లో జనం ఈలలేసి కాగితాలు ఎగరేస్తారట, అది చూడాలని అంత దూరం నుంచి వచ్చానని ఫోన్‌లో తెలుగు చేసి చూపించింది. రేపు పొద్దున వెళ్లిపోతుంది. సరేనని టాకీసుకి తీసుకెళ్లాను. లోపల ముగ్గురున్నారు, ముగ్గురూ నిద్రలోనే.

గేటు దగ్గర టికెట్లు చింపే జహంగీర్ భాయ్‌ని అడిగాను. "భాయ్, ఈలలేసెటోళ్లు ఎవలన్న వస్తరా?"

"గాళ్లు ఏసీల పండనీకి వచ్చిన్రు, ఈలలేమేస్తరు? నువ్వే ఎయ్యరాదు. మీసాలు రాకముందుకెల్లి గదే పని గద నీది."

హీరో వచ్చాడు. ఆమె ఫోన్ పట్టుకుని తెర వైపు కాక నా వైపే చూస్తోంది. లేచి టికెట్టు ముక్కలు ఎగరేసి, ఈల వేశాను. సంతోషమూ లేదు, సిగ్గూ లేదు, పళ్లు తోముకున్నట్టే ఉంది. ఆమె మాత్రం చప్పట్లు కొట్టింది.

ఇందులో ఒక్కటి కల్పించాను. ఈల రాలేదు. వేళ్లు నోట్లో పెట్టుకుని ఎంత ఊదినా ఉత్త గాలే వచ్చింది. ఆమె దానికే చప్పట్లు కొట్టింది. మీలో ఎవరికైనా ఈల ఇంకా వస్తోందా?