మోడెం మరిచిపోని రౌటర్

ఉరుముల వానకు మా పాత రౌటర్ మాడిపోయింది. కొత్తది కొని, పెట్టెలోని కాగితం చూసి వైర్లన్నీ బిగించాను. కేబుల్ వాళ్ళు ఇచ్చిన మోడెం మీద లైట్లన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. దాని పక్కన కొత్త రౌటర్ మీద మాత్రం ఒక లైటు ఎర్రగా నిలిచిపోయింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మా అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తోంది. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేయడం. ఇంకా ట్రయల్ నెలే. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికల్లా లాగిన్ కాకపోతే ఇక ఉద్యోగం లేనట్టేనని పైవాళ్ళు మెసేజ్ పెట్టారు. పాల్వంచలో మా వీధికి ఫోన్ సిగ్నల్ ఒక గీత మించి రాదు.

కేబుల్ అతనికి ఫోన్ చేశాను.

"మా లైన్ మంచిగనే ఉంది సార్. మెయిన్ బంద్ చేసి, అయిదు నిమిషాలాగి, మల్ల ఎయ్యుండ్రి."

వరండాలో మెయిన్ దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడి రెండుసార్లు చేశాను. ఎర్ర లైటు మారలేదు.

నేను విలేఖరిగా బతికినవాణ్ణి. జరగాల్సింది జరగకపోతే, దానివల్ల ఎవరికి లాభమని మొదట ఆలోచిస్తాను. ఎండాకాలంలో మా రోడ్డు మీద తలలకు తగిలేలా వేలాడుతున్న కేబుళ్ళ గురించి వార్త రాశాను. ఆ కేబుళ్ళు ఇతనివే. వచ్చి చూడకుండానే లైన్ బాగుందని ఎలా చెప్పాడు?

మూడో రోజు పన్నెండింటికి మెట్ల గోడ మీది కేబుల్ వైరును వేలితో తడుముకుంటూ పైకి వెళ్ళాను. మలుపులో మా వైరును కోసి కలిపిన జాయింటు ఒకటి కొత్తగా మెరుస్తూ కనిపించింది. పై వాటాలో కిరాయికి ఉండే ఆయన కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. పోయిన నెల మా వైఫై పాస్‌వర్డ్ అడిగితే నేను ఇవ్వలేదు. రెండో షిఫ్టుకు పోయేముందు అన్నం తింటున్న మనిషిని గుమ్మంలోకి పిలిచాను.

"ఈ జాయింటు ఎవరు వేశారు?"

"నాకేం ఎరుక సార్."

"మీకు టీవీ వస్తోందా?"

"అవ్, వస్తుంది. రావొద్దా ఏంది?" అని చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "పేపరోళ్ళు ఇంటికాడ గూడ ఎంక్వైరీలేనా? దొంగ దొరికితే నాకు గూడ చూపియ్యుండ్రి."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను.

మళ్ళీ ఫోన్ చేసి పిలిస్తే ఒంటిగంటకు కేబుల్ అతను వచ్చాడు. ముందు జాయింటు దగ్గరికే తీసుకెళ్ళాను.

"అది నేనే ఏసిన సార్. మీరు పేపర్ల రాసినంక వైర్లన్నీ సరిజేసిన గద, గప్పుడు."

కిందికి వచ్చి మోడెం ముందు గొంతుకూర్చున్నాడు. "మెయిన్ బంద్ చేసినప్పుడు దీని లైట్లు ఆరినయా?"

నేను చూడలేదు. నేనున్నది వరండాలో.

"అయ్యో నాన్నా, అది ఇన్వర్టర్ మీదుంది గద!" అంది అమ్మాయి. "కరెంటును నమ్మేది లేదని నువ్వే పెట్టించినవ్."

నిజమే. కరెంటు తయారయ్యే ఊళ్ళో ఉంటూ, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ ఒక్క ప్లగ్గును ఇన్వర్టర్‌కు కలిపించింది నేనే. రెండుసార్లూ మెయిన్ ఆపినా మోడెం వెలుగుతూనే ఉందన్నమాట.

"ఇది ముందుగాల కలిసిన రౌటర్నే పట్టుకుంటది సార్. ఒకపాలి ఆరిపోతెనే దాన్ని మర్చిపోతది. గప్పటిదాంక కొత్తదాన్ని రానియ్యదు" అంటూ ప్లగ్గు పీకాడు.

గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు ఆగాం. తర్వాత ముందు మోడెం పెట్టి, అది కుదురుకున్నాక రౌటర్ పెట్టాడు. రౌటర్ లైటు ఎర్రగా వెలిగి, ఆరి, పచ్చగా నిలబడింది. అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసుకుని గదిలోకి పరుగెత్తింది.

"అదొక్కటేనా? లైన్‌లో ఇంకేం లేదా?" అని అడిగాను.

"ఇంకేం గావాలె సార్ మీకు?"

అతన్ని సాగనంపి వస్తుంటే పై వాటా ఆయన టిఫిన్ డబ్బాతో మెట్లు దిగుతున్నాడు.

"దొరికిండా సార్, దొంగ?"

"దొరికిండు" అని పక్కకు జరిగి దారిచ్చాను. ఎవరని అడగకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు దాటేదాకా నేను అమ్మాయి గది తలుపు దగ్గరే ఉన్నాను. లోపల టైపు చప్పుడు ఆగినప్పుడల్లా మెడ తిప్పి మోడెం వైపు చూశాను.