కుక్క పెద్దమనిషైన ఏడు

పశువులకైతే ఎదకొచ్చింది అంటారు. మా అవ్వ, అంటే బాపు తల్లి, పొద్దున్నే దొడ్లోంచి వచ్చి గొంతు తగ్గించి "కుక్క పెద్దమనిషైంది" అంది. అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

అన్నాక ఊరుకుంటుందా. కుక్కను జొన్నల అర్రలో ఓ మూలకు గోనెసంచి మీద కూర్చోబెట్టింది. నువ్వులూ బెల్లం దంచి ముద్దలు చేసి పెట్టింది. మగవాళ్లు గడప తొక్కొద్దంది. బాపు కూడా తొక్కొద్దట. పదేళ్ల నాకు ఒక్క ముద్దయినా పెట్టకుండా "నీకింక టైమున్నది" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ కుక్కకు మేకపాలు పట్టి పెంచింది నేను. దాని తల్లి మొదటి ఎదకే చూలు కట్టి, ఈ ఒక్కదాన్ని ఈని, మిగతావి కడుపులో ఉండగానే చచ్చిపోయింది.

ఊళ్లో మగకుక్కలన్నీ మా గోడ చుట్టూ చేరి, పెళ్లిలో అన్నాలు ఆలస్యమై అలిగిన చుట్టాల్లా కూర్చున్నాయి. అవ్వ రోకలి పట్టుకుని వాకిట్లో కాపలా కాసింది.

కబురు కోస్గిలోని మా మేనమామకు ఎలా చేరిందో చేరింది. తోడేళ్లకు ఎదురు నిలిచే కుక్క ఉంది ఆయన దగ్గర. తోడేళ్లు మా మందలో పడుతున్నాయి కాబట్టి దాని సంతు మీద బాపుకు ఎప్పటినుంచో ఆశ. మామ ఆ కుక్క మెడకు ఎర్రగుడ్డ కట్టి, ఎడ్లబండిలో పక్కన కూర్చోబెట్టుకుని దిగాడు.

అవ్వ దాని పళ్లు చూసింది. గజ్జి ఉందా అని అడిగింది. తల్లి ఎట్ల సచ్చింది, కోపిష్టిదా అని అడిగింది. మామ చేతులు కట్టుకుని అన్నిటికీ జవాబిచ్చాడు. ఈలోగా పెళ్లికొడుకు అరుగు మీది నువ్వుల ముద్దలన్నీ తినేసి బండి కింద నిద్రపోయాడు.

"పిలగాడు మంచిగనే ఉన్నడు. గని ఇప్పుడు గాదు" అంది అవ్వ.

"పెద్దమనిషైంది గద అత్తా, ఇంకేం గావాలె?"

"ఒళ్లు గట్టివడాలె. గీసారి పోనియ్యి, వచ్చేసారి గూడ పోనియ్యి. అటెన్క తోల్కరా."

"కుక్కకు గిన్ని నఖరాలా?" మామకు రోషం వచ్చింది.

"గొర్లు పోతున్నయే అవ్వా" అని బాపు నసిగాడు.

"దీని తల్లికి గిట్లనే తొందరవడ్డవు. నాకు గూడ తొందరవడ్డరు. ఒళ్లు గట్టివడ్డదా అని ఎవ్వలడిగిన్రు? నీకంటె ముందు పుట్టినోడు దక్కలే. నేను దక్కిన, గంతే."

ఆ ముందటివాడి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. బాపు తలవంచుకున్నాడు. మామ తన కుక్కను లేపబోతే అది లేవనంది. చివరికి ఎత్తి బండిలో వేయాల్సి వచ్చింది.

అవ్వ చెప్పినన్నాళ్లూ ఆగాం. తర్వాత మామ తన కుక్కను మళ్లీ తోలుకొచ్చాడు. మా కుక్క ఈనినప్పుడు తల్లీ పిల్లలూ చల్లగా ఉన్నారు. నేను సంతోషం పట్టలేక ఏడ్చాను.

కుక్కపిల్లను తీసుకుపోవడానికి మామ మళ్లీ వచ్చాడు. అప్పటికి నేనూ మూల కూర్చుని నువ్వుల ముద్దలు తిని లేచాను. మామ కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని, "బావా, పిల్ల గూడ పెద్దమనిషైంది గద. మా పిలగానికి జేద్దాం. ఇంకేం గావాలె?" అన్నాడు.

నేను తలుపు వెనక నుంచి వింటున్నాను. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ కుక్కకు అంబలి పోస్తోంది, తల కూడా ఎత్తలేదు.

"కుక్కకే ఆగినం గద బావా" అన్నాడు బాపు.