అక్క మొక్కు, నా కాయిలోవర్లు

కారు కొన్నవాడు అందులో ఎక్కి తిరుగుతాడు. కారు కొని, తోడబుట్టిన అక్కను దాని ముందు మూడు కిలోమీటర్లు నడిపించినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? లేదంటే ఇప్పుడు చూసుకోండి, నేనే. పక్కన ఒక గ్లాసు మంచినీళ్లు పెట్టుకుని మరీ చదవండి. నవ్వీ నవ్వీ పొలమారితే నా పూచీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ కవర్లు అమ్మే చిన్న దుకాణం నాది. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలించుకున్న టర్బో కారు ఒకటి కొన్నాను. ఎర్రది. చూడ్డానికి చిన్నదే కానీ యాక్సిలరేటర్ తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. అంతటితో తృప్తి పడితే నేను సాయిలునెందుకవుతాను? రోజూ దుకాణంలో కూర్చుని, నేలను నాకుతూ పోయే కార్ల వీడియోలు చూసీ చూసీ నాకూ పురుగు తొలిచింది. కంపెనీ బిగించిన సస్పెన్షన్ పీకించి కాయిలోవర్లు వేయించాలి!

తెలియనివాళ్లకు చెబుతాను. కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా కలిసిన సామాను. దాని ఒంటికి మర ఉంటుంది. ఆ మర మీది రింగును పానాతో కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. ఈ రెండో సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నేను మరిచిపోయినట్టు నటించాను, మీరు నిజంగా మరిచిపోకండి.

మా దిక్కు రోడ్ల పుణ్యమా అని బండి ఉన్నవాడల్లా దాన్ని ఎత్తు చేయించుకుంటాడు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, నేనొక్కణ్ణే కిందికి దించమన్నాను. మెకానిక్ కరీం భాయ్ చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి పెట్టి చూపించాడు.

"నాలుగు వేళ్ల సందు ఉంచుతున్న సాయిలూ. గంతకన్న దించొద్దు."

"ఇంకా దించు భాయ్."

"మూడు వేళ్లు?"

"ఇంకా."

"అరే, ఇంక దించితె గిది కారు గాదు, చాప అయితది!"

"నాకు చాపనే గావాలె భాయ్."

కరీం భాయ్ తల కొట్టుకుని తిప్పాడు. చివరికి ఆ సందులో ఒక వేలు కూడా పట్టలేదు. పోయేటప్పుడు నా చేతిలో కొక్కెం లాంటి పానా ఒకటి పెట్టాడు. "నీ కారు, నీ మర్జీ. గిది మాత్రం డిక్కీల ఉంచుకో. ఖరాబ్ రోడ్డొస్తె జాకీ ఎత్తి, చక్రాలిప్పి, నాలుగు తిప్పులు పైకి తిప్పు. అర్ధ గంట పని. ఇజ్జత్ దక్కుతది."

పానాను డిక్కీలో, కార్పెట్ కింద దాచేశాను. నా ఇజ్జత్‌ను కూడా దాంతోపాటే దాచానని అప్పుడు తెలియదు.

ఇక అక్క సంగతి. మా లతక్కను బోధన్ దాటాక మంజీర వైపు ఒక ఊరికి ఇచ్చాం. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోయడం మా ఆచారం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు కొంగులో పోసి నడుముకు కట్టి అత్తగారింటికి పంపుతాం. అక్కడ ఆ బియ్యం వండి చుట్టాలకు భోజనం పెడతారు. మూడేళ్ల కింద పోసినప్పుడు అక్కను ఆటోలో పంపించాం. ఆమె అత్త గంగామణి చుట్టాలందరి ముందూ ఒకే ఒక్క మాట అంది. "మీ పుట్టింటోళ్లకు బండి గూడ దొరకలేదా బిడ్డా? కూరగాయల మూట లెక్క ఆటోల ఏసి పంపిండ్రు." అక్క ఆ మాటను మూడేళ్లుగా మింగలేక, కక్కలేక ఉంది. నాతో చెప్పుకుని రెండుసార్లు ఏడ్చింది కూడా.

అందుకే ఈసారి ఛాతీ విరిచాను. "నా కార్ల దించుత అక్కా. మీ అత్త తెరిచిన నోరు మళ్ల మూయదు సూడు."

"మంచిగ దించు తమ్మీ, గంతే చాలు," అంది అక్క. "పన్నెండింటి వరకు ఇంట్ల ఉండాలె. ఈ బియ్యం వండినంకనే చుట్టాలకు తిండి. ఆలస్యమైతె ఇంకో మూడేండ్లు పడాలె నేను."

ఆ మాట విన్నవాడు ఏం చెయ్యాలి? బండిని పైకి లేపాలి. నేనేం చేశాను? ఊరి ముందు ఫోటో బాగా రావాలని బయల్దేరే ముందురోజు ఇంకో రెండు తిప్పులు కిందికి దించాను.

ముందు సీట్లో ఒడినిండా బియ్యంతో అక్క, వెనక సీట్లో లడ్డూల డబ్బాల మధ్య అమ్మ. "ఒడి నడుమల ఇప్పొద్దు, కింద పెట్టొద్దు," అని అమ్మ పదిసార్లు చెప్పింది. బోధన్ దాకా పెద్ద రోడ్డు, రాజాలా పోయాం. ఊరి దారికి తిరిగామో లేదో, మొదటి స్పీడ్ బ్రేకర్. చెరుకు ట్రాక్టర్లూ వడ్ల ట్రాక్టర్లూ నెమ్మదిగా పోవాలని ఆ దారిలో ఎవరి ఇంటి ముందు వాళ్లు ఒకటి కట్టుకున్నారు. పక్కింటివాడి కన్నా తమది తక్కువ కాకూడదని ఎత్తు పెంచుకుంటూ పోయినట్టున్నారు.

గర్‌ర్‌ర్ మని కారు కడుపు రాసుకుంది.

"ఒక్కసారి దిగుండ్రి," అన్నాను.

"నేను దిగితె మళ్ల ఎక్క. నా మోకాళ్లు నీకు తెల్వదా?" అంది అమ్మ. "బండిని దించినోనివి నువ్వు, నన్నెందుకు దించుతవ్?"

అక్క దిగింది. ఒడి పట్టుకుని బ్రేకర్ దాటింది. నేను బండిని అడ్డంగా తిప్పి, పాములా మెలికలు తిరిగి దాటించాను. అక్క ఎక్కింది. నూరు గజాల్లో ఇంకోటి. అక్క దిగింది. మళ్లీ ఎక్కింది. నాలుగోదాని దగ్గర నడుము పట్టుకుని నిలబడిపోయింది.

"తమ్మీ, దీన్ని పైకి లేపే ఉపాయం ఏదన్న ఉన్నదారా?"

పానా డిక్కీలోనే ఉంది. అర్ధ గంట పని. కానీ చక్రాలు విప్పి, చేతులకు గ్రీజు పూసుకుని, అందరి కార్లలా ఎత్తుగా నిలబెట్టి ఊళ్లోకి పోతే ఇక నా కాయిలోవర్లు ఎందుకు?

"లేదక్కా. గిది గింతే," అన్నాను.

కొత్త కారువాడు గతుకెరగడంటే సరే. కానీ కళ్లెదుట అక్క నడుము ఎరగనివాణ్ణి ఏమనాలి? ఆ పేరేదో మీరే పెట్టండి, నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

"ఎక్కుడు దిగుడు కన్న నడుసుడే నయం," అని అక్క ముందు నడిచింది. పట్టుచీర, పసుపు కాళ్లు, నిండు ఒడి, నెత్తిన ఎండ. వెనక ఫస్ట్ గేర్‌లో గుర్రుమంటూ నేను. ఒక వాకిట్లో బీడీలు చుడుతున్న ముసలవ్వ చాట పక్కన పెట్టి లేచింది.

"ఏం మొక్కు బిడ్డా? ఎండల నడుస్తున్నవ్?"

అక్క ఒళ్లు మండిపోయి ఉంది. "మా తమ్మునికి బుద్ధి రావాలని అవ్వా!"

"అయ్యో! తాగుతడా?"

"తాగడు."

"పేకాటనా?"

"అదీ లేదు."

"మరేంది బిడ్డా?"

"గవ్విటికన్న పెద్దది," అని అక్క నడక సాగించింది.

అవ్వకు అది చాలు. బిందెడు నీళ్లు తెచ్చి అక్క కాళ్ల మీద పోసింది. పక్కింటివాళ్లు పసుపు తెచ్చారు. వార్త నాకన్నా వేగంగా పోయింది. నిజానికి ఆ రోజు నాకన్నా వేగంగా పోనిది ఏదీ లేదు. పది మంది ఆడవాళ్లు అక్క వెంట నడిచారు. ఎక్కడి నుంచో ఒక డప్పు వచ్చి కలిసింది. ప్రతి వాకిట్లోనూ నా కారు అద్దంలోంచి తొంగిచూసేవాళ్లే.

"ఈడేనా?"

"ఈడే. తాగుడు కన్న పెద్ద రోగమంట."

"పాపం, సూస్తె మంచిగనే ఉన్నడు."

వెనక నుంచి అమ్మ ఆదుకుంటుందని చూశాను. ఆమె అద్దం దించి, అందరికీ దండాలు పెడుతూ, "అవునమ్మా, చిన్నప్పటి సంది గింతే," అంటోంది. ఒక పెద్దాయన నాకు దిష్టి తీసి కారు ముందు నిమ్మకాయ పెట్టాడు. మీరు నమ్మరు, ఆ నిమ్మకాయ కూడా నా కారు కడుపుకు తగిలింది.

ఒంటి గంటకు ఇల్లు చేరాం. చుట్టాలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. గంగామణి గడపలో నిలబడి ఉంది. అక్క ముఖంలో రక్తం లేదు. అత్త నోరు తెరిచేలోపే డప్పూ, జనమూ, బీడీల అవ్వా వాకిట్లోకి వచ్చేశారు.

"గంగామణీ, ఎసుంటి కోడలే నీకు! తమ్ముని కోసం ఎండల నడిచొచ్చింది!"

గంగామణి కోడలి కాళ్లు చూసింది. పసుపు కింద బొబ్బలు కనబడ్డాయి. ఆటో మాట ఎత్తలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి తనే ఆ కాళ్లు కడిగింది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను గెలిచానని అనుకున్నాను. మూర్ఖుడికి ఎప్పుడూ ఒక్క నిమిషం ముందే గెలిచినట్టు అనిపిస్తుంది.

"లడ్డూలు దించురా," అంది అమ్మ.

వెనక సీట్లో పట్టక డిక్కీలో పెట్టిన డబ్బా లాగాను. దాని మూల కార్పెట్‌కు తట్టుకుని, కార్పెట్ లేచి, పానా ఠంగుమని గంగామణి కాళ్ల దగ్గర పడింది.

"గిదేంది సాయిలూ?"

"పానా అత్తమ్మా. ఊకెనే ఉంచుకున్న."

బోరు మోటార్లు బాగుచేసే ఒకాయన అప్పటికే చక్రం పక్కన వంగి ఉన్నాడు. "ఊకెనే ఏంది? మర ఉన్నది గదా ఈడ! దాంతోని తిప్పితె బండి లేస్తది."

డప్పు ఆగింది. అక్క నా వైపు తిరిగింది.

"లేస్తదా?"

"లేస్తదక్కా."

"ఎంతసేపు పడుతది?"

"అర్ధ గంట."

"మరి లేదంటివి?"

"పైకి లేపితె... ఫోటో మంచిగ రాదని..."

గంగామణి పానాను తీసుకుంది, నన్ను పైనుంచి కిందికి చూసింది, కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"లతా, నీ మొక్కు ఇంక తీరలేదు బిడ్డా."

ముందు నవ్వింది అక్కే. తర్వాత గంగామణి. ఆ అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారట. ఆటో మాట ఆ రోజుతో పోయింది. చుట్టాలకు చెప్పుకోవడానికి ఇప్పుడు నేనున్నాను కదా! అందరూ భోంచేస్తుంటే నేను వాకిట్లో జాకీ ఎత్తి మర తిప్పాను. గంగామణి కుర్చీ వేసుకుని, సందులో చెయ్యి పెట్టి చూస్తూ, "ఇంకా తిప్పు, ఇంకా," అంది. నాకు విస్తరి వేసేసరికి లడ్డూలు అయిపోయాయి.

అందుకని, ఆ దారిలోని పద్నాలుగు స్పీడ్ బ్రేకర్ల సాక్షిగా, నా కారు కడుపు కింద చితికిన నిమ్మకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బండి దించనేల, అక్కను నడిపించనేల! ఇక ఈ జన్మలో నేలకూ నా బండికీ మధ్య కోడిపుంజు తల ఎత్తుకుని పోయేంత సందు ఉంచుతాను. ఫోటో ఎంత చెడినా సరే, మర కిందికి తిప్పను. తిప్పుదామన్నా వీల్లేదు లెండి. పానా ఇప్పటికీ గంగామణి దేవుని అర్రలో మేకుకు వేలాడుతోంది. అడిగినప్పుడల్లా ఆమెది ఒకటే మాట: "మొక్కు తీరినంక ఇస్త తియ్యి."