శూలానికి చుట్టిన ఎర్తు వైరు

"కరెంటు కొట్టి నువ్వు చస్తే దుడ్డు ఎవురికియ్యల్లమ్మా?"

1995లో వేలూరులోని ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో అధికారి కాంచనను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆమె గుడియాత్తం మేస్త్రి కూతురు. ఒక లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాకు గాయని, యజమాని కూడా. తడుముకోలేదు.

"మా అమ్మకియ్యండి సార్. చావకుండా ఉండేదానికి ఏం జెయ్యల్లో అది గూడా చెప్పండి."

అంతకు ముందు నెలే పేర్ణాంబట్టు పెళ్లిలో ఆమె గిటారిస్టు ప్రభు, తీగల మీద వేళ్లుండగా మైకుకు పెదవి తగిలి, స్టేజీ మీదే పడిపోయాడు. బతికాడు. పెళ్లివారు దిష్టి అన్నారు, గుమ్మడికాయ కొట్టారు. లీకైన కరెంటును నేలలోకి దించే ఎర్తు మాట ఎవరూ ఎత్తలేదు. షాకు కొట్టినా శాంతి చేయించే జనం మనం.

అధికారి పాలసీ ఇచ్చాడు, ఒక షరతు మీద: ప్రతి కచేరీకి ముందు లైసెన్సున్న వైర్‌మన్ ఎర్తు పరీక్షించి సంతకం పెట్టాలి. కాంచన తన మేనమామ రంగస్వామిని పట్టుకుంది. ఇళ్లకు వైరింగు చేసే మనిషి. లైసెన్సు ఉంది, సణుగుడూ ఉంది.

ఆ వేసవిలో గుడియాత్తంలో ఒక చిన్న అమ్మవారి గుడి తిరునాళ్లలో కచేరీ ఒప్పుకుంది. అక్కడ మెప్పిస్తే ఏడాది పొడుగునా పెళ్లిళ్ల బుకింగులు. అక్కడ పేరు పోతే ఆర్కెస్ట్రా మూసుకోవచ్చు.

రంగస్వామి మైక్ సెట్టు వెనక్కి వెళ్లి చూశాడు. ఎర్తు వైరు పోయి గుడి ముందరి ఇనుప శూలానికి చుట్టి ఉంది. శూలం ఎండిన సిమెంటు దిమ్మెలో ఉంది, నేలతో సంబంధం లేదు. దానికి పసుపు పూయడానికి ఆడవాళ్లు తడిచేతులతో వరస కట్టారు.

కమిటీ పెద్ద రాజమాణిక్యం నవ్వాడు. "అమ్మ శూలానికే కట్టినాము గదప్పా. ఇంతకన్నా కాపుదల యాడ దొరుకుతుంది?"

"ఎర్తు మార్చేదాకా నేను పాడను" అంది కాంచన.

"అంత భయముంటే ఇంట్లో బిడ్డ తొట్లికాడ తాలాట్టు పాడుకో పో."

జనం ఈలలు వేశారు. రంగస్వామి జీరో వాట్ బల్బు తీసి, ఒక వైరు శూలానికి, రెండోది చేతిపంపు గొట్టానికి ఆనించాడు. బల్బు వెలిగింది.

వరసలో ముందున్న ముసలామె చేతులు జోడించింది. "అమ్మ వచ్చినాది." వెనకవాళ్లు కర్పూరం వెతుక్కున్నారు.

కాంచన మైకు లేకుండానే గొంతెత్తింది. "అమ్మ కాదవ్వా, కరెంటు వచ్చినాది. ముట్టుకుంటే నువ్వే అమ్మ దగ్గిరికి పోతావు."

ఈలలు వేసినవాళ్లే పకపకా నవ్వారు. ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది. హారతి పళ్లెంతో శూలం వైపు నడుస్తున్న రాజమాణిక్యం ఆగిపోయి, "మెయిను ఆపండ్రా" అన్నాడు.

గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, నీళ్లతో తడిపి, ఇనుప గొట్టం దించారు. ఎర్తు అక్కడికి మార్చి మెయిను వేయగానే ఫ్యూజు ఎగిరింది. దొంగ దొరికాడు: కరెంటు లీకవుతున్న ఒక పాత ఆంప్లిఫయరు. దాన్ని తప్పించాక మైకుకు ఆనించి చూస్తే బల్బు వెలగలేదు. కాంచన పాడింది. ఒక్కరూ లేవలేదు.

మరుసటి ఏడు కాట్పాడి పెళ్లివారు కూడా "బల్బు పెట్టి చూస్తారు గదా?" అని అడిగి మరీ బయానా ఇచ్చారు. పోటీ ఆర్కెస్ట్రాలు వైర్‌మన్లను వెతుక్కున్నాయి. ప్రభు మళ్లీ గిటారు పట్టాడు.

ఆనాటి కచేరీ గంట ఆలస్యమైందని కమిటీ పట్టుకున్న ఆరువందల రూపాయలు కాంచనకు ఇంకా రావాలి.