ఎండలో చూసే నలుపు

పంతొమ్మిదొందల యాభైల్లో నంద్యాలలో కాలితో తొక్కే అచ్చుమిషను పెట్టుకున్నాయన ఒకడుండేవాడు. ఏ రంగు కలిపినా ఎడమ బొటనవేలి గోరుకు పూసుకుని, వీధిలోకి పోయి ఎండలో చూసుకునేవాడు. ఆ గోరును చూస్తే ఆరోజు మిషను మీద ఏం పనుందో వీధంతటికీ తెలిసిపోయేది.

నా పెళ్లికార్డు కోసం ఆళ్లగడ్డ నుంచి మా నాయనా నేనూ పోయినాం. "అక్షరాలు నల్లగా, దిట్టంగా కనపడాలప్పా. నల్లసిరా మాత్రం తగలగూడదు, అశుభం," అన్నాడు మా నాయన.

అచ్చుమిషనాయన నవ్వలేదు. ఎరుపు, నీలం, చిటికెడు పసుపు కలిపి నూరినాడు. గోరు నల్లబడింది. దాన్ని చూసి మా నాయన ముఖమూ నల్లబడింది.

"ఇది నలుపు గాకపోతే ఏందీ? నాకొద్దు నీ కార్డులు."

"ఎండలోకి రాప్పా."

ఎండలో గోరు అంచు ఎర్రగా మెరిసింది. మా నాయన చాలాసేపు చూసి, సరే అచ్చెయ్యమన్నాడు.

కొన్నేళ్లకు ఆ అచ్చుమిషనాయన దినాల కార్డు వచ్చింది. చావుకార్డంటే నల్లసిరానే. నాకెందుకో అనుమానమొచ్చి, ఎండలో పెట్టి చూసినా. అక్షరాల అంచున ఎరుపు.

దినాలకు పోయినప్పుడు ఆయన కొడుకును అడిగినా.

"మంచం పట్టినాక నాయనే కలిపి డబ్బాలో పెట్టినాడన్నా. తన కార్డుకు నల్లసిరా తగలగూడదంట, అశుభమంట."