అరచెయ్యి అడ్డం పెట్టిన కన్ను

ఆ రోజు ఉదయగిరి బస్టాండులో ఒక ముసలాయన్ని కొట్టాను. తప్పు నాదే. నేను కిటికీలోంచి తువ్వాలు వేసి ఆపుకున్న సీట్లో ఆయన కూర్చున్నాడు.

"గుడ్డ కనబళ్ళేదా? కళ్ళు దొబ్బినాయా నీకు?" అంటూ చొక్కా పట్టి లేపి, కుడి చెంప పగలగొట్టాను. ఆయన నల్లద్దాలు ఎగిరిపడ్డాయి. మళ్ళీ చెయ్యెత్తాను. ఆయన కుడి కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎడమ చెంప నా వైపు తిప్పాడు.

"కొడితే ఈ పక్క కొట్టు నాయనా. ఈ కన్ను ఎట్టాగూ పోయింది."

ఆ ఎడమ కంటి నల్లగుడ్డు మీద గంజి పోసినట్టు తెల్లగా ఉంది. నా చెయ్యి దిగిపోయింది. శుక్లం రాయిలా ముదిరేదాకా ఆయన ఊరుకున్నాడట. దాన్ని కంటి లోపలే మిషనుతో పగలగొట్టినప్పుడు, ఆ అదురుకు నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని మసకబారిందట.

"ఈ రెండో కంట్లో శుక్లాన్ని పగలగొట్టకుండా, కోసి అట్నే మొత్తంగా తీస్తారంట. అందుకే ఆత్మకూరు పోతా ఉండా."

నా పని మానుకుని, ఆసుపత్రిదాకా ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించాను. వాచిన చెంప చూసి డాక్టరు ఏమైందని అడిగాడు.

"బస్సు కమ్మీ తగిలింది సార్" అన్నాడు ముసలాయన.

"కాదు సార్, నేనే కొట్టినాను. ముందు ఆ కన్ను చూడండి" అన్నాను.